రోగిని చూసుకునే మీరు అలసిపోతే? – శరీరపు అలసట, మనసు అలసట గురించి తెలుసుకోవలసిన విషయాలు



ఇలాంటి పుస్తకాలలోని పాఠాలు చాలావరకు రోగి గురించే ఉంటాయి. ఈ పాఠం మాత్రం మీ గురించి. మంచం మీద ఉన్నవారికి కేసు షీటు ఉంటుంది. వారి జ్వరము, బీ.పీ., షుగరు రోజుకు ఎన్నోసార్లు చూసి అందులో రాస్తారు. ఆ మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న మీకు కేసు షీటు లేదు. నిన్న రాత్రి మీరు ఎన్ని గంటలు పడుకున్నారు, పొద్దున ఏమి తిన్నారు అని అడిగేవారు తక్కువ. ఆ ప్రశ్నలు ఈ పాఠంలో అడుగుతున్నాము. దయచేసి చివరిదాకా చదవండి. చదవలేనివారికి ఇంకొకరు చదివి వినిపించండి.

ఒక ఇంటి సంగతి

ఇది ఏ ఒక్కరి కథా కాదు. బన్సీలాల్‌పేట్, భోయిగూడ, పద్మారావునగర్ వైపు ఏ గల్లీలోనైనా ఇలాంటి ఇల్లు ఒకటి ఉంటుంది.

అత్తగారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. షుగరు కూడా ఉంది. ఆసుపత్రి నుండి ఇంటికి పంపేటప్పుడు రెండు గంటలకొకసారి పక్క మార్చాలని, వేళకు ఇన్సులిన్ ఇవ్వాలని చెప్పి పంపారు. కొడుకు రాణిగంజ్‌లో ఒక దుకాణంలో పని చేస్తాడు, రాత్రి తొమ్మిదికి గానీ ఇల్లు చేరడు. కాబట్టి అన్నీ కోడలి మీదే పడ్డాయి. తెల్లవారుజామున నల్లా నీళ్లు పట్టడం, పిల్లలకు టిఫిన్ డబ్బాలు కట్టడం, అత్తమ్మకు స్నానం, బట్టలు, వంట, మందులు. రాత్రి రెండు గంటలకొకసారి లేవడం.

మొదటి నెల అందరూ మెచ్చుకున్నారు. రెండో నెల ఆమెకు నడుము నొప్పి, కళ్లు తిరగడం మొదలయ్యాయి. మూడో నెలలో చిన్న మాటకే ఏడుపు రాసాగింది. ఒకరోజు అత్తమ్మ మీద గట్టిగా అరిచి, తరువాత స్నానాల గదిలో కూర్చొని ఏడ్చింది. ఒక సాయంత్రం ఇన్సులిన్ ఇచ్చిన సంగతి మరచిపోయి, అరగంట తరువాత మళ్లీ ఇచ్చింది. కొంతసేపటికి అత్తమ్మకు చెమటలు, వణుకు పట్టుకున్నాయి. పక్కింటివారు చూసి చక్కెర నీళ్లు తాగించి ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళ్లారు కాబట్టి ప్రాణం దక్కింది.

"నాకు మతి పోయింది" అని ఆ కోడలు తనను తాను తిట్టుకుంటుంది. ఆమెకు మతి పోలేదు, ప్రేమ కూడా తగ్గలేదు. మూడు నెలలుగా నిద్ర లేదు, అంతే. ఆ ఇంట్లో ఇద్దరికి వైద్యం కావలసి ఉంది. అందరూ ఒక్కరినే చూశారు.

ఈ పాఠంలో మేము చెప్పదలచిన ముఖ్యమైన సంగతి ఇదే: మీ అలసటను చూసుకోవడం కూడా రోగి వైద్యంలో ఒక భాగం. అది స్వార్థం కాదు.

అలసట అంటే ఏమిటి?

ఆకలి, దాహం లాగే అలసట కూడా శరీరం ఇచ్చే సూచన. కడుపు ఖాళీ అయితే ఆకలి వేస్తుంది. ఒంట్లో నీళ్లు తగ్గితే దాహం వేస్తుంది. ఖర్చు చేసిన శక్తి తిరిగి నిండకపోతే అలసట వస్తుంది. దాహం వేసినవాడిని మనం సోమరి అనము కదా! అలసినవారిని కూడా అనకూడదు.

అర్థం చేసుకోవడానికి అలసటను మూడు రకాలుగా చూద్దాము.

1. మామూలు అలసట. పని చేసినందువలన వచ్చేది. ఒక మంచి నిద్రతో, ఒక పూట విశ్రాంతితో పోతుంది.

2. జబ్బు వలన వచ్చే నీరసం. రక్తం తక్కువ కావడం, థైరాయిడ్, షుగరు, క్షయ మొదలైన వాటి వలన వచ్చేది. ఎంత పడుకున్నా పోదు. కారణానికి మందు వేయాలి.

3. మనసు అలసట. చాలాకాలం దిగులుతో, బాధ్యతతో, తోడు లేకుండా గడిపినందువలన వచ్చేది. పొద్దున లేవగానే ఇంకో రోజు మొదలైందే అనిపిస్తుంది. ఇష్టమైన పనుల మీద కూడా మనసు పోదు.

రోగిని చూసుకునేవారిలో చాలాసార్లు ఈ మూడూ కలిసే ఉంటాయి. అందుకే ఒక్క టానిక్కుతో పోదు.

మన బన్సీలాల్‌పేట్ మెట్ల బావి మీకు తెలిసే ఉంటుంది. నాగన్న కుంట అని పేరున్న ఆ బావి 17వ శతాబ్దం నాటిదని చెబుతారు. ఎన్నో ఏళ్లు బస్తీ చెత్తంతా అందులో పడి, అక్కడ బావి ఉందన్న సంగతే పిల్లలకు తెలియకుండా పోయింది. ఆ తరువాత లారీల కొద్దీ చెత్త, మట్టి తీయించి బాగుచేసి, 2022 డిసెంబరు 5న తెరిచారు. చెత్త తీసేకొద్దీ అడుగు నుండి నీటి ఊట పైకి వచ్చింది. నీళ్లు ఎక్కడికీ పోలేదు, మీద బరువు పడింది. మనిషి సత్తువ కూడా అంతే. మీలో ఓపిక ఎండిపోలేదు. దాని మీద పడిన బరువేమిటో చూసి, ఒక్కొక్కటిగా తీయాలి.

గుర్తుపట్టడం ఎలా?

ఈ కింది వాటిలో మీకున్నవి లెక్కపెట్టుకోండి.

శరీరంలో: పడుకొని లేచినా ఒళ్లు బరువుగా ఉండడం. తలనొప్పి, మెడ నొప్పి, నడుము నొప్పి. నిద్ర పట్టకపోవడం, లేదా పగలంతా మత్తుగా ఉండడం. ఆకలి తగ్గడం. తరచూ జలుబు, జ్వరం రావడం.

మనసులో: చిన్న మాటకే కోపం. కారణం తెలియని ఏడుపు. ఏ పని మీదా ధ్యాస నిలవకపోవడం. నేనెంత చేసినా లాభం లేదనిపించడం. రోగి మీద విసుగు, ఆ వెంటనే తప్పు చేశానన్న బాధ.

నడవడికలో: పాలు పొయ్యి మీద పెట్టి మరచిపోవడం. మందులు ఇచ్చామో లేదో గుర్తు లేకపోవడం. ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోవడం. టీ మీద టీ తాగడం. గుట్కా, బీడీ, మద్యం ఎక్కువ కావడం.

ఒకటి రెండు ఉంటే విశ్రాంతి, ఆహారం సరిచేసుకోండి. నాలుగైదు ఉండి, రెండు వారాలు దాటినా తగ్గకపోతే మీరు కూడా ఓ.పి. చీటీ తీసుకోవలసిందే.

మొదట శరీరాన్ని పరీక్ష చేయించుకోండి

అంతా మనసులోనే ఉందని గానీ, వయసు మీద పడిందని గానీ మీకు మీరే నిర్ణయించుకోకండి. నీరసానికి వెనుక తేలికగా దొరికే కారణాలు చాలా ఉన్నాయి.

రక్తం తక్కువ కావడం. ఇది మన ఆడవారిలో ఎంత ఎక్కువగా ఉందంటే, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అంటే ప్రతి ఇద్దరిలో ఒకరి కంటే ఎక్కువ. హిమోగ్లోబిన్ స్త్రీలలో 12 గ్రాముల కంటే, గర్భిణులలో 11 గ్రాముల కంటే, పురుషులలో 13 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనత అంటాము. మెట్లెక్కితే ఆయాసం, గుండె దడ, పాలిపోయిన కనురెప్పలు దీని గుర్తులు.

థైరాయిడ్. ఒళ్లు బరువెక్కడం, చలి ఎక్కువ అనిపించడం, మలబద్ధకం, జుట్టు రాలడం, నెలసరిలో తేడా ఉంటే ఈ పరీక్ష అడగండి.

షుగరు. అతిదాహం, మాటిమాటికీ మూత్రం, బరువు తగ్గడం, నీరసం.

క్షయ. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంకాలం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం. ముఖ్యంగా ఇంట్లో క్షయ రోగిని చూసుకుంటున్నవారు తప్పక పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రులలో క్షయ పరీక్ష, మందులు ఉచితం.

విటమిన్ బి12 తక్కువ కావడం. పూర్తి శాకాహారులలో, పాలు కూడా తక్కువ తీసుకునేవారిలో ఎక్కువ. చేతులు, కాళ్లు తిమ్మిరెక్కడం దీని గుర్తు.

వేసుకునే మందులు. కొన్ని బీ.పీ. మందులు, జలుబు మందులు, నిద్ర మందులు కూడా మగతను, నీరసాన్ని కలిగిస్తాయి. మీ మందుల చీటీ డాక్టరుకు చూపించండి. మీ అంతట మీరు ఆపకండి.

పరీక్షలకు డబ్బులెక్కడివి అని సందేహించవద్దు. 2018 నుండి నగరంలో తెరిచిన బస్తీ దవాఖానాలలో డాక్టరు చూస్తారు, మామూలు రక్త పరీక్షలు ఉచితంగా చేయిస్తారు. రోగిని మనకంటే ముందు పెట్టి, మన పరీక్షను రేపటికి, ఎల్లుండికి వాయిదా వేయడమే ఎక్కువ మందిలో జరిగే పొరపాటు.

"డాక్టరుగారూ, ఒక గ్లూకోజ్ బాటిల్ ఎక్కించండి"

ఇది చాలామంది అడిగే మాట. నీరసం అనగానే బాటిల్ ఎక్కించుకుంటే బలం వస్తుందని నమ్మకం. లెక్క చూద్దాము. 5 శాతం గ్లూకోజ్ అరలీటరు బాటిల్‌లో ఉండేది 25 గ్రాముల గ్లూకోజ్. దాని బలం వంద కేలరీలు మించదు. అంటే దాదాపు రెండు ఇడ్లీలంత. అరలీటరు ఉప్పునీటి సెలైన్‌లో నాలుగున్నర గ్రాముల ఉప్పు తప్ప బలమిచ్చేది ఏమీ లేదు. వాంతులు, విరేచనాలు, డెంగీ వంటి జబ్బులలో సెలైన్ ప్రాణాలు కాపాడుతుంది. నోటితో తినగలిగి, తాగగలిగి, అలసటతో ఉన్న మనిషికి మాత్రం దాని అవసరం లేదు. సరిగా శుభ్రం చేయని సూదితో ప్రమాదం కూడా ఉంది. బాటిల్ ఎక్కించుకున్నాక హాయిగా ఉందంటారు. ఆ గంటసేపు మంచం మీద కదలకుండా పడుకున్నందువలన కూడా అలా అనిపిస్తుంది. ఆ గంట ఇంట్లోనే పడుకోండి, ఖర్చు ఉండదు.

అలాగే తెలిసినవారు చెప్పారని స్టీరాయిడ్ మాత్రలు, నొప్పి మాత్రలు, నిద్ర మాత్రలు మెడికల్ షాపులో కొని వాడకండి.

నిద్ర

పెద్దవారికి రోజుకు 7 గంటల నిద్రైనా కావాలి. వరుసగా 17 నుండి 19 గంటలు మేలుకొని ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి పనితీరు లాగే ఉంటుందని పరిశోధనలలో తేలింది. మన దేశంలో బండి నడిపేవారికి చట్టం ఒప్పుకునే హద్దు 0.03 శాతమే. అంటే రాత్రంతా వార్డులో మేలుకొని పొద్దున బండి మీద ఇంటికి వెళ్లేవారు, ఒక్క చుక్క తాగకపోయినా తాగినవారి లాగే రోడ్డు మీద ఉన్నారన్నమాట. అలాంటి రోజున దయచేసి బస్సులోనో ఆటోలోనో వెళ్లండి.

రోగి ఉన్న ఇంట్లో 7 గంటలు ఒక్కసారే దొరకడం కష్టం. అందుకని ఇలా చేసి చూడండి.

రాత్రిని రెండు కాపలాలుగా చేయండి. ఒకరు పది నుండి రెండింటి వరకు, ఇంకొకరు రెండింటి నుండి ఆరు వరకు. తన వంతు కానప్పుడు పడుకునేవారు వేరే గదిలో, వీలు కాకపోతే వేరే మూలలో పడుకోవాలి. రెండో మనిషి లేకపోతే వారంలో రెండు రాత్రులకైనా చుట్టాలను పిలవండి.

మధ్యాహ్నం రోగి పడుకున్నప్పుడు మీరూ ఇరవై, ముప్పై నిమిషాలు నడుము వాల్చండి. ఆ సమయంలో గిన్నెలు తోమాలని లేవకండి.

సాయంత్రం నాలుగు తరువాత టీ, కాఫీ మానండి. పడుకునే ముందు సెల్‌ఫోను, టీవీ చూడడం తగ్గించండి.

రాత్రి పక్క మార్చే వేళల గురించి డాక్టరును, సిస్టరును అడగండి. గాలి పరుపు వాడితే ఆ వేళలు కొంత సడలించవచ్చునేమో వారు రోగిని చూసి చెబుతారు.

నిద్రలో గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేచేవారు ఎంతసేపు పడుకున్నా అలసటగానే ఉంటారు. దానికి వేరే వైద్యం ఉంది, డాక్టరుకు చెప్పండి.

తిండి, నీళ్లు

రోగికి జావ కాచి, పిల్లలకు వండి, మిగిలినదేదో నిలబడి తినేవారు మన ఇళ్లలో ఎందరో. రోగి తినే వేళకే మీరూ పళ్లెం పెట్టుకొని కూర్చోండి. తోడుగా ఎవరైనా తింటుంటే రోగికి కూడా రెండు ముద్దలు ఎక్కువ పోతాయి.

పప్పు, తోటకూర, గోంగూర, మునగాకు, రాగి జావ, పల్లీ పట్టీ, కోడిగుడ్డు ఇవన్నీ తక్కువ ఖర్చుతో దొరికే బలమైన ఆహారం. మాంసం, కాలేయం తినేవారికి అందులోని ఇనుము బాగా ఒంటికి పడుతుంది. అన్నంలో నిమ్మకాయ పిండుకోవడం, జామకాయ, ఉసిరికాయ తినడం వలన ఆకుకూరల్లోని ఇనుము ఎక్కువగా అందుతుంది. అన్నం తిన్న వెంటనే ఛాయ్ తాగితే ఆ ఇనుము ఒంటికి పట్టదు. కనీసం ఒక గంట ఆగండి.

ఇనుము మాత్రలు వేసుకున్నప్పుడు విరేచనం నల్లగా రావడం మామూలే, భయపడి మానకండి. మాత్రలు వేసుకోకుండానే నల్లగా, తారులాగా వస్తే మాత్రం వెంటనే డాక్టరుకు చూపించండి.

ఎండాకాలంలో వార్డుకు, మెడికల్ షాపుకు, ల్యాబ్‌కు తిరిగేవారు చేతిలో నీళ్ల సీసా ఉంచుకోండి. పలుచని మజ్జిగలో ఉప్పు వేసుకొని తాగండి. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం నీళ్లు, ఉప్పు ఎంత తీసుకోవాలో డాక్టరును అడగాలి.

ఎత్తడం, దించడంలో జాగ్రత్త

నడుము నొప్పితో మంచం పడితే ఇంట్లో రోగులు ఇద్దరవుతారు. రోగిని పక్కకు మార్చేటప్పుడు నడుము వంచి లాగకండి. మీ మోకాళ్లు కొద్దిగా వంచి, రోగికి దగ్గరగా నిలబడి, కాళ్ల బలంతో కదిలించండి. రోగి కింద ఒక మడత దుప్పటి అడ్డంగా పరచి ఉంచితే, ఇద్దరు చెరో వైపు పట్టుకొని తేలికగా పైకి జరపవచ్చు. డిశ్చార్జికి ముందే సిస్టరును గానీ ఫిజియోథెరపిస్టును గానీ అడిగి ఒకసారి చేసి చూడండి. అడగడానికి మొహమాటపడవద్దు.

పని పంచుకోవడం

మన దేశంలో ఆసుపత్రి అంటే రోగి ఒక్కరే రారు, ఇల్లంతా వస్తుంది. 1950లలో అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ మానసిక రోగుల కుటుంబాలను ఆసుపత్రి ఆవరణలోనే డేరాలలో ఉంచి వైద్యంలో భాగస్వాములను చేశారు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల 1957లో ప్రారంభించిన మానసిక ఆరోగ్య కేంద్రంలో కూడా రోగితో పాటు కుటుంబ సభ్యుడు ఉండడం పద్ధతిగా పెట్టారు. కుటుంబం దగ్గరుంటే రోగి త్వరగా కుదుటపడతాడని వారు గ్రహించారు. కుటుంబం అంటే ఒక్క మనిషి కాదని మాత్రం మనం గుర్తుంచుకోవాలి.

ఒక కాగితం మీద రోగి కోసం రోజూ చేసే పనులన్నీ రాయండి. తరువాత వాటిని మూడు భాగాలు చేయండి.

ఒకటి, నేనే చేయవలసినవి. ఉదాహరణకు ఇన్సులిన్ ఇవ్వడం.

రెండు, ఇంకొకరు చేయగలిగినవి. మందులు తేవడం, రిపోర్టులు తేవడం, పిల్లలను బడికి పంపడం, రాత్రి కాపలా, రోగికి పేపరు చదివి వినిపించడం.

మూడు, కొంతకాలం మానేసినా నష్టం లేనివి. రోజూ ఇల్లంతా కడగడం, ప్రతి ఫంక్షనుకు హాజరు కావడం, వచ్చిన ప్రతివారికీ ఛాయ్ పెట్టడం.

సాయం అడగడంలో కూడా పద్ధతి ఉంది. "ఎవరూ పట్టించుకోరు" అంటే అందరూ నొచ్చుకుంటారు, ఎవరూ రారు. పని పేరు, రోజు, సమయం చెప్పి అడగండి. "తమ్ముడూ, ఆదివారం పొద్దున తొమ్మిది నుండి ఒంటిగంట దాకా నువ్వు అమ్మ దగ్గర కూర్చో. అన్నం నేను వండి పెట్టి పోతా" అంటే తమ్ముడికి తప్పించుకోవడం కష్టం, ఒప్పుకోవడం తేలిక. దూరంగా ఉన్న ఆడపడుచుతో, "వదినా, నెలకు మందుల ఖర్చులో సగం నువ్వు పంపితే, ఒక ఆయమ్మను పగటి పూట పెట్టుకుంటాము" అనవచ్చు. ఊళ్లో లేనివారు చేతితో సాయం చేయలేకపోయినా డబ్బుతో, ఫోనుతో చేయగలరు.

ఇంటి మగవారికి ఒక మాట. సేవ ఆడవారి పని అన్న నియమం ఏ వైద్య గ్రంథంలోనూ లేదు. తల్లికి అన్నం తినిపించడం, తండ్రికి స్నానం చేయించడం కొడుక్కి చిన్నతనం కాదు. రాత్రి తొమ్మిదికి వచ్చినా రెండింటి వరకు కాపలా కాయవచ్చు. కనీసం భార్యను "నువ్వు తిన్నావా?" అని అడగవచ్చు.

మందుల కాగితం

పైన చెప్పిన ఇంట్లో జరిగిన పొరపాటు మీ ఇంట్లో జరగకుండా ఒక చిన్న పని చేయండి. పాత క్యాలెండరు కాగితం వెనుక గళ్లు గీసి మంచం దగ్గర గోడకు అంటించండి. ఒక వరుసలో మందు పేరు, పక్కన పొద్దున, మధ్యాహ్నం, రాత్రి గళ్లు. మందు ఇచ్చిన మరుక్షణమే టిక్కు పెట్టాలి. టిక్కు ఉంటే ఇచ్చినట్టు. టిక్కు లేక, ఇచ్చామో లేదో అనుమానం ఉంటే రెండోసారి ఇవ్వకండి. డాక్టరుకు గానీ సిస్టరుకు గానీ ఫోను చేసి అడగండి. ముఖ్యంగా ఇన్సులిన్ విషయంలో.

షుగరు రోగికి ఒక్కసారిగా చెమటలు, వణుకు, తికమక వస్తే షుగరు పడిపోయిందేమో చూడాలి. స్పృహ ఉండి మింగగలిగితే మూడు నాలుగు చెంచాల చక్కెర లేదా గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే 108కి ఫోను చేయండి.

మనసు అలసిపోయినప్పుడు

రోగి మీద కోపం రావడం, ఒక్కోసారి ఇదంతా ఎప్పుడు ముగుస్తుందో అనిపించడం, ఆ తరువాత ఛీ, నేనెంత పాపిష్టిని అని కుమిలిపోవడం చాలామందికి జరుగుతుంది. బయటికి చెప్పరు, అంతే. అలాంటి ఆలోచన వచ్చినంత మాత్రాన మీరు చెడ్డవారు కాదు. కోపం పెరుగుతుందని తెలియగానే రోగి క్షేమంగా ఉన్నారని చూసుకొని, పది నిమిషాలు బయటికి రండి. ముఖం కడుక్కోండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా వదలండి. అలా పదిసార్లు. తరువాత లోపలికి వెళ్లండి.

రోజుకు ఒక్క అరగంట మీది అని పెట్టుకోండి. నడక, పూలు కట్టుకోవడం, పాట వినడం, స్నేహితురాలితో మాట్లాడడం, ప్రార్థన, ఏదైనా సరే.

ప్రార్థన తగ్గడం వలన, నమ్మకం చాలకపోవడం వలన అలసట వస్తుందని కొందరు భయపడతారు. బైబిలులో రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయా ప్రవక్త సంగతి చూడండి. అంత గొప్ప ప్రవక్త కూడా ఒకనాడు అలసి, చెట్టు కింద పడి ఇక చాలని చావు కోరుకున్నాడు. అప్పుడు ఆయనను ఎవరూ మందలించలేదు. మొదట నిద్ర, తరువాత రొట్టె, నీళ్లు, మళ్లీ నిద్ర, మళ్లీ భోజనం. ఆ తరువాతనే ప్రయాణం గురించిన మాట. మీరు ఏ మతం వారైనా ఇందులోని క్రమం గమనించండి. అలసిన మనిషికి ముందు కావలసింది ఉపదేశం కాదు, నిద్ర, భోజనం.

అయితే రెండు వారాలకు పైగా రోజూ దిగులు, దేని మీదా ఇష్టం లేకపోవడం, నిద్ర, ఆకలి పాడవడం, నేను పనికిరానిదాన్ని అనిపించడం ఉంటే అది మామూలు అలసట దాటి డిప్రెషన్ కావచ్చు. షుగరు, బీ.పీ.ల లాగే అదీ ఒక జబ్బే, దానికి వైద్యం ఉంది. డాక్టరుతో చెప్పండి. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలీ మానస్ సేవలో రాత్రింబగళ్లు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. 2022 అక్టోబరు నుండి ఈ సేవ నడుస్తోంది.

చనిపోవాలని గానీ, రోగిని ఏదైనా చేయాలని గానీ ఆలోచన వస్తే ఒంటరిగా ఉండకండి. ఆ క్షణమే దగ్గరివారిని పిలవండి, 14416కి ఫోను చేయండి, లేదా దగ్గరలోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి రండి. ఈ మాట చెప్పినందుకు మంచి డాక్టరు ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు.

రోగితో ఒక మాట

మీ అలసటను రోగి గమనిస్తూనే ఉంటారు. "నేను నీకు భారమైపోయాను బిడ్డా" అని వారు అన్నప్పుడు, ఏమీ లేదని కొట్టిపారేయకండి. "పని ఎక్కువైన మాట నిజమే అత్తమ్మా, అందుకే ఆదివారం తమ్ముణ్ణి రమ్మన్నా. నువ్వు మాత్రం నాకు భారం కాదు" అని చెప్పండి. వారి చేతనైన పని వారిని చేయనివ్వండి. మంచి చేయి ఉంటే గ్లాసు పట్టుకోవడం, చిక్కుడుకాయలు తుంచడం. కొంచెం ఆలస్యమైనా వారికి గౌరవం, మీకు ఊరట.

ఆలస్యం చేయకూడని గుర్తులు

ఛాతీలో నొప్పి లేదా బరువు, కూర్చున్నా ఆయాసం, ముఖం ఒక పక్కకు పోవడం, ఒక చెయ్యి లేదా కాలు పట్టు తప్పడం, మాట తడబడడం, స్పృహ తప్పడం: వీటిలో ఏది కనిపించినా వెంటనే 108.

రెండు వారాలు దాటిన జ్వరం లేదా దగ్గు, కారణం లేకుండా బరువు తగ్గడం, నెలసరిలో మితిమీరిన రక్తస్రావం: ఈ వారంలోనే డాక్టరును కలవండి.

మీకు మీరే వేసుకోవలసిన ప్రశ్నలు

1. నిన్న ఒక్కసారిగా ఎన్ని గంటలు పడుకున్నాను?
2. ఈ రోజు కూర్చొని ఎన్ని పూటలు తిన్నాను?
3. నా హిమోగ్లోబిన్ ఎంతో నాకు తెలుసా?
4. ఈ వారం ఏ పని, ఎవరికి, ఏ రోజున అప్పగిస్తాను?
5. నాకు ఒక్కరోజు జ్వరం వస్తే రోగికి మందులు ఎవరు ఇస్తారు? ఆ మనిషికి మందుల కాగితం చూపించానా?

అయిదో ప్రశ్నకు జవాబు లేకపోతే ఈ రోజే వెతకండి. రోగికి మీరు ఇంకా చాలాకాలం కావాలి. మెట్ల బావిని బాగు చేసింది ఒక్క మనిషి కాదు, ఒక్క రోజులో కూడా కాదు. చాలా చేతులు కలిశాయి, తట్ట తట్టగా చెత్త తీశారు. మీరు కూడా ఒక్క తట్టతో మొదలుపెట్టండి. ఈసారి డాక్టరు రౌండ్స్‌కు వచ్చినప్పుడు రోగి సంగతి చెప్పిన తరువాత, "డాక్టరుగారూ, నా సంగతి కూడా ఒక మాట" అని అడగండి.